ఊరి సినిమా ఎక్కడ తీయాలి? గోదావరి, మన్యం, సీమ, తెలంగాణ, పొల్లాచ్చి: ఏది ఎవరికి

"అన్నా, పచ్చని ఊరు కావాలి. ఒక కాలువ, దాని మీద చిన్న వంతెన, ఒక మండువా ఇల్లు. అంతే." కథ పట్టుకుని వచ్చే కొత్త దర్శకులు నాతో మొదట అనే మాట ఇది. నేను మొదట అడిగేదీ ఎప్పుడూ ఒకటే: "ఏ నెలలో?" దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. హీరో ఖాళీ ఎప్పుడు దొరికితే అప్పుడేనంటారు. హీరోకే కాదు, వరిచేనుకీ కాల్షీటు ఉంటుందని వాళ్ళకు షెడ్యూలు మధ్యలో తెలుస్తుంది.

పదిహేనేళ్ళుగా చిన్న సినిమాలకు, ఈమధ్య వెబ్ సిరీస్‌లకు ప్రొడక్షన్ మేనేజరుగా తిరుగుతున్నాను. ముప్ఫై నలభై మంది యూనిట్‌తో, ఇరవై పాతిక రోజుల్లో పని ముగించుకోవాల్సిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పెద్ద సినిమాలకు ఈ లెక్కలు పట్టవు. 2018లో వచ్చిన 'రంగస్థలం' కోసం ఊరినే హైదరాబాద్‌లో సెట్‌గా వేశారు. కర్నూలు కొండారెడ్డి బురుజును 2020 నాటి 'సరిలేరు నీకెవ్వరు' కోసం రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టారు. మనం మాత్రం ఊరు ఎలా ఉంటే అలా తీసుకోవాలి. కాబట్టి ఆ ఊళ్ళో ఏ నెలలో ఏం జరుగుతుంది, రాత్రికి యూనిట్ ఎక్కడ పడుకుంటుంది అన్న రెండు ప్రశ్నలే లొకేషన్‌ను తేలుస్తాయి. ఫ్రేము అందం ఆ తర్వాతి సంగతి.

గోదావరి: రెండు నెలల పచ్చదనం

ఆంధ్ర ప్రాంతంలో తొలి సినిమా స్టూడియో దుర్గా సినీటోన్ 1936లో రాజమండ్రిలోనే వెలిసింది. 1964లో 'మూగమనసులు' వచ్చేసరికి గోదావరి రేవు, పడవ, ఇసుక తిన్నె తెలుగు ప్రేక్షకుడి మనసులో స్థిరపడిపోయాయి. ఇప్పటికీ ఊరి కథ అనగానే కళ్ళ ముందుకు వచ్చేది ఆ నదే. ఇచ్చేవి కూడా చాలా ఉన్నాయి: రాజమండ్రి దగ్గర నది మీద మూడు తరాల వంతెనలు, నడి గోదావరిలో పట్టిసీమ వీరభద్రుడి గుడి, లంక గ్రామాలు, కొబ్బరితోటలు, ఇంకా మిగిలి ఉన్న పెంకుటిళ్ళు. హైదరాబాద్ నుంచి ఒక రాత్రి రైలు. రాజమండ్రిలో ఏ స్థాయి యూనిట్‌కైనా సరిపడా లాడ్జీలు. జనానికి షూటింగ్ కొత్త కాదు. కెమెరా వైపు చూడొద్దని ఒక్కసారి చెబితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

చిక్కంతా నెలలతోనే. డెల్టాలో వరి రెండు పంటలు. సార్వా నాట్లు జూన్, జులైల్లో మొదలై నవంబరు, డిసెంబరుల్లో కోతకు వస్తాయి. దాళ్వా నాట్లు డిసెంబరు ఆఖరులో, జనవరిలో పడతాయి, ఏప్రిల్లో కోస్తారు. దాళ్వా కోతలకు కాస్త అటూఇటుగా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్ళు కట్టేస్తారు. జూన్లో మళ్ళీ వదిలేదాకా కాలువ అంటే అడుగున బురద, గట్టున పూడిక తీసే పొక్లెయిను, మధ్యలో ప్లాస్టిక్ కవర్లు. ఫిబ్రవరిలో రెక్కీకి, అంటే లొకేషన్ చూసుకోవడానికి, వచ్చినప్పుడు మీ దర్శకుడు ముచ్చటపడిన కాలువ మే నెలలో ఉండదు. జులై నుంచి సెప్టెంబరు దాకా నదికి వరద. చేలు పచ్చగానే ఉంటాయి గానీ వాన ఏ రోజు ప్యాకప్ చెబుతుందో తెలియదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. నిక్కచ్చిగా చెప్పాలంటే సంక్రాంతి రద్దీ తగ్గాక మార్చి ఆఖరు వరకు మీకు దొరికే సమయం. అప్పుడే అందరూ వస్తారు. మంచి మండువా ఇల్లు కావాలంటే మీ ముందు మరో రెండు యూనిట్లు వరుసలో ఉంటాయి.

ఒకసారి మేము ఈ లెక్క తప్పాం. పండిన దాళ్వా చేను పక్కన హీరోయిన్‌తో సగం సీను తీశాం. మిగతా సగం తొమ్మిది రోజుల తర్వాత. నాలుగో రోజున చేను గల రైతు ఫోన్ చేశారు. నేను పరుగున వెళ్ళేసరికి కోత మిషను గట్టు మీద నిలబడి ఉంది.

"బాబాయి గారూ, ఇంకో అయిదు రోజులు ఆగితే నష్టం మేమే కట్టుకుంటాం" అన్నాను.

"నాకు డబ్బు సంగతి కాదు బాబూ," అన్నారాయన, మిషను డ్రైవరుకు టీ గ్లాసు అందిస్తూ. "ఇవాళ మన చేలోకి వంతు వచ్చింది. రేపు ఇది పక్క ఊరికి పోతుంది. మీ హీరోయిను మళ్ళీ వస్తుంది గానీ మిషను రాదు కదా!"

వాన పడితే పంట నేలకొరుగుతుంది, ఆ భయం ఆయన చెప్పనే లేదు. చివరికి చేలో రోడ్డు వైపున్న ఒక మూలను, ఆరేడు సెంట్లు ఉంటుందేమో, మా కోసం ఉంచేశారు. కెమెరాను ఆ మూలకు బిగించి, లెన్సు మార్చి ఎలాగో గట్టెక్కాం. ఆ మూలను ఆ తర్వాత కూలీలతో చేత్తో కోయించుకోవాల్సి వచ్చిందాయనకు. ఆ కూలి మేమిచ్చాం, ఇవ్వాలి కూడా. అప్పటి నుంచి చేను ఫ్రేములో ఉండే సీన్లన్నీ ఒకే షెడ్యూలులో పడేలా చూస్తాను. అది కుదరకపోతే చేనుకు బదులు కొబ్బరితోట రాయమంటాను. కొబ్బరితోట ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ఇంకో మార్పు రెక్కీ ఫొటోల్లో కనబడదు. భీమవరం చుట్టుపక్కల, కోనసీమలో కొంత మేర, వరిచేలు చేపల చెరువులు, రొయ్యల చెరువులుగా మారాయి. రొయ్యల చెరువుల్లో ప్రాణవాయువు కోసం ఏరియేటర్లు తిప్పుతారు, ముఖ్యంగా రాత్రంతా, తెల్లవారేదాకా. మీరు తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉండే ప్రేమ సన్నివేశం సింక్ సౌండ్‌లో, అంటే మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తూ, తీయాలనుకుంటే, దూరంగా యాభై ఫ్యాన్లు నీళ్ళు చిలుకుతున్న మోత మైకులో పడుతుంది. డబ్బింగ్ చెప్పించే సినిమా అయితే పట్టించుకోనక్కర్లేదు. సింక్ సౌండ్ అయితే చెరువుల ఊళ్ళు వదిలి, వరి, అరటి మిగిలిన వైపు వెళ్ళండి.

పడవ సీన్ల గురించి ఒక మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల సంఖ్యలో మనుషులు పోయాక బోట్ల నిబంధనలు గట్టిపడ్డాయి, గట్టిపడాల్సిందే. లైఫ్ జాకెట్లు ఫ్రేములో కనబడతాయని మొహం చిట్లించే దర్శకులుంటారు. ఆ విషయంలో నేను ఎవరి మాటా వినను. కావాలంటే లంగరు వేసిన పడవను లోతు లేని చోట పెట్టి తీయండి. పాపికొండల వైపు పాత సినిమాల్లో చూసిన రేవునే వెతుక్కుంటూ వెళ్ళాలనుకుంటే, ముందు ఒక మనిషిని పంపి చూపించుకోండి. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

కుమారదేవం చెట్టు సంగతి అందరికీ తెలిసిందే. కొవ్వూరు దగ్గర గోదావరి గట్టున ఉన్న ఆ నిద్రగన్నేరును ఊరూవాడా 'సినిమా చెట్టు' అనేవారు. 150 ఏళ్ళ నాటిదని చెప్పుకునేవారు. 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ చెట్టు నీడను నమ్ముకుని కథలో పంచాయతీ సీను రాసుకున్న వాళ్ళు ఎంతమంది ఉన్నారో. అలాంటి చెట్టు ఇంకొకటి దొరకదు. వెతికితే చిన్న గట్టు, చిన్న రావిచెట్టు దొరుకుతాయి. సీను కూడా అలా చిన్నది చేసుకుంటే మంచిది.

గోదావరి ఎవరికంటే: కుటుంబ కథ, మాటల హాస్యం, ఇంటి లోపల సగం సీన్లు ఉన్న వాళ్ళకు. ఫిబ్రవరి డేట్లు చేతిలో ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళండి. మే నెల అయితే ఇంకో చోటు చూసుకోండి.

మన్యం: అరకు వేరు, మారేడుమిల్లి వేరు

రెంటినీ కలిపి 'ఏజెన్సీ లొకేషన్' అనేస్తారు. పొరపాటు. అరకులో కొండల మధ్య బజారు ఉంది, మారేడుమిల్లిలో అడవి మధ్య రోడ్డు ఉంది.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన. విశాఖ నుంచి రోడ్డు మీద నూట పదిహేను కిలోమీటర్లు, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో యాభైకి పైగా సొరంగాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వలిసె పూలు లోయంతా పసుపు పరుస్తాయి, ఆ పసుపు కోసమే చాలామంది వస్తారు. ఆ పూలూ పంటే, నూనె గింజల పంట. గట్టు మీద నిలబడి తీయండి, చేలో యాభై మందిని తొక్కనివ్వకండి. చలికాలంలో ఉదయం పొగమంచు విడేదాకా ఆగాలి, సాయంత్రం నాలుగు దాటితే కొండ నీడ లోయలోకి దిగుతుంది. అంటే రోజుకు మైదానంలో కన్నా గంటన్నర, రెండు గంటలు తక్కువ పని. ఇరవై రోజుల షెడ్యూలుకు ఇక్కడ ఇరవై నాలుగు వేసుకోండి. శని, ఆదివారాలు పర్యాటకులతో రోడ్డు నిండిపోతుంది, లాడ్జీల అద్దె పెరుగుతుంది. నేనైతే శనివారం ఇంట్లో సీన్లు పెట్టుకుని, ఆదివారం యూనిట్‌కు సెలవు ఇచ్చేస్తాను.

2020లో వచ్చిన 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' మూలకథ కేరళలోని ఇడుక్కిది. తెలుగులో దాన్ని అరకుకు తెచ్చారు. అతికింది. ఎందుకంటే ఆ కథకు కావాల్సింది జలపాతం కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలిసిన చిన్న బజారు, ఫొటో స్టూడియో, కొండ మీద ఇల్లు. చిన్న ఊరి మధ్యతరగతి కథకు అరకును మించింది మనకు తక్కువ.

మారేడుమిల్లి లెక్క వేరు. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా రెండు, రెండున్నర గంటలు. 'పుష్ప' మొదటి భాగం (2021) చాలావరకు ఇక్కడే తీశారు. కథ శేషాచలం అడవుల్లో ఎర్రచందనానిది, మారేడుమిల్లిలో ఎర్రచందనం పెరగదు. అయినా ప్రేక్షకుడు నమ్మాడు. ఒక అడవి ఇంకో అడవిగా నటించగలదు. ఒక ఊరు మాత్రం ఇంకో ఊరిగా నటించలేదు, గోడలు, గుమ్మాలు, నీళ్ళ బిందె పట్టుకునే తీరు పట్టించేస్తాయి. కాబట్టి అడవి కథకు మారేడుమిల్లి సరే, 'రాయలసీమ ఊరు' పేరుతో ఇక్కడి గూడేన్ని చూపించడం మాత్రం వద్దు.

ఖర్చు ఎక్కడ పెరుగుతుందంటే ప్రయాణంలో. జెనరేటరు బండి ఘాట్ ఎక్కడానికి పట్టే సమయం ఎవరూ లెక్కలో వేసుకోరు. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, వాకీటాకీలు తప్పనిసరి. దోమతెరలు పట్టుకెళ్ళండి, ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. పక్కనే పాపికొండ జాతీయ ఉద్యానం, దాని హద్దుల్లో తీయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. రిజర్వు అడవికి అటవీశాఖ అనుమతి వేరు. ఈ కాగితాలకు నెల, నెలన్నర ముందే తిరగడం మొదలుపెట్టాలి.

ఇది 1/70 నిబంధన, అంటే భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం, ఉన్న ప్రాంతం. భూమి గిరిజన కుటుంబాలది. 'అంతా నేను చూసుకుంటాను సార్' అంటూ ఎదురొచ్చే మధ్యవర్తికి మొత్తం డబ్బు ఇచ్చేసి, ఇల్లు ఎవరిదో ఆ మనిషి ముఖం చూడకుండా షూటింగ్ చేసి వచ్చేసే యూనిట్లను చూశాను. ఆ ఇంటి పెద్దతో కూర్చుని మాట్లాడండి, వాళ్ళ ముందే డబ్బు ఇవ్వండి. ఇంకొకటి, అడగకపోయినా చెబుతాను: కొండరెడ్ల గూడెంలోకి వెళ్ళి ఆడవాళ్ళకు ఈకలు, పూసలు తగిలించి పాట తీయాలనుకుంటే ఆ పాట హైదరాబాద్‌లోనే తీసుకోండి.

రాయలసీమ: వెలుతురు కోసం వెళ్ళాలి

"మీదీ బాంబుల సినిమానేనా?" జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో రెక్కీకి వెళ్తే అరుగు మీద పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న. కాదు, పెళ్ళి కథ అంటే నమ్మలేదు. ఆయన్ను తప్పు పట్టలేం. ఇరవై ఏళ్ళపాటు సీమను సుమోలతో, వేటకొడవళ్ళతోనే చూపించాం.

సీమకు నేను వెళ్ళేది వెలుతురు కోసం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం తేటగా ఉంటుంది, ఉదయం ఏడు, సాయంత్రం అయిదు గంటల ఎండకు రాయి, మట్టిగోడ, మనిషి చర్మం మూడూ వేర్వేరు రంగుల్లో మెరుస్తాయి. ఇళ్ళ మీద మిద్దెలు ఉంటాయి, పైకప్పు చదునుగా ఉంటుంది. రాత్రి మిద్దె మీద పడుకుని ఇద్దరు మాట్లాడుకునే సీనుకు ఇంతకన్నా సహజమైన చోటు గోదావరిలో వెతికినా దొరకదు. బేతంచెర్ల, కడప నాపరాళ్ళు పరిచిన అరుగులు, ముంగిళ్ళు సెట్ వేయనక్కర్లేకుండా దొరుకుతాయి.

గండికోట పెన్నా లోయ అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం దగ్గర తీయాలంటే ఆ శాఖ అనుమతి, స్క్రిప్టు సమర్పించడం, రుసుము. మేకు కొట్టకూడదు, తవ్వకూడదు, మంట పెట్టకూడదు. లోయ అంచున అన్నిచోట్లా గార్డు రెయిలు ఉండదు, ఆర్టిస్టును అంచుకు పంపేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మధ్యాహ్నం కూర్చోవడానికి నీడ ఉండదు. షామియానా, మజ్జిగ, ఇద్దరు అదనపు ప్రొడక్షన్ బోయ్‌లు. చిన్న యూనిట్‌కు గండికోటలో ఒకటిన్నర రోజు చాలు, సూర్యోదయం ఒకటి, సాయంత్రం ఒకటి. మిగతా రోజులు ఊళ్ళో పెట్టుకోండి.

కర్నూలు నుంచి నంద్యాల దారిలో ఓర్వకల్లు రాతి వనాలు హైవే పక్కనే ఉంటాయి, బండ్లు నేరుగా దగ్గరికి వస్తాయి. తక్కువ సమయంలో 'ఎక్కడిదో తెలియని రాతి లోకం' కావాలంటే అది మేలు. బనగానపల్లె నవాబు బంగళా సంగతి వింత. 2009లో 'అరుంధతి' వచ్చాక జనం దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తున్నారు. చూసేవాడికి ముందే ఒక దెయ్యం గుర్తొస్తుంది. మీది దెయ్యాల కథ కాకపోతే ఆ మేడ మీకు పనికిరాదు.

ఏప్రిల్, మే నెలలు? ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నాలుగో రోజుకు లైట్‌మెన్ పడిపోతారు. వద్దు.

తెలంగాణ: సాయంత్రానికి ఇంటికి చేరే ఊరు

డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకు నా మొదటి సలహా ఇదే, చాలామందికి రుచించదు. హైదరాబాద్ నుంచి గంటన్నర, రెండు గంటల దూరంలో, అంటే చేవెళ్ళ, వికారాబాద్, జనగామ వైపు ఊరు చూసుకుంటే, లాడ్జీ ఖర్చు, ఔట్‌డోర్ బేటా (బయట ఊళ్ళో పనికి ఇచ్చే రోజువారీ భత్యం) రెండూ తగ్గుతాయి. ఇరవై రోజుల మీద ఆ తేడా మీ సౌండ్ డిజైనుకు, పోస్టర్లకు సరిపోతుంది. పరికరం చెడిపోతే సాయంత్రానికి ఇంకొకటి తెప్పించుకోవచ్చు. ఒక ఆర్టిస్టు రాకపోతే మరొకరిని మధ్యాహ్నానికి దించొచ్చు. సీరియళ్ళు, వెబ్ సిరీస్‌లు నలభై, యాభై రోజులు సాగుతాయి కాబట్టి వాటికి ఇంతకన్నా దారి లేదు.

ఊరు ఊరిలాగే ఉండాలి, నగరం వాసన రాకూడదు అంటే ఇంకాస్త దూరం వెళ్ళాలి. 2017లో 'ఫిదా' బాన్సువాడ దగ్గర, 2023లో 'బలగం' సిరిసిల్ల ప్రాంతంలో తీశారు. ఈ రెండు సినిమాలు తెలంగాణ పల్లెను మళ్ళీ చూపించాయి: ఇంటి ముందు వేపచెట్టు, చెరువు కట్ట, తాటివనం, గచ్చు వాకిలి. 'బలగం' వచ్చాక ఊళ్ళలో తెరలు కట్టి జనమంతా కలిసి చూసి ఏడ్చారు. తమ ఊరి యాస తెరమీద సరిగ్గా వినిపించింది కాబట్టి. ఇక్కడ లొకేషన్ కన్నా యాస పెద్దది. సిరిసిల్లలో తీసి, పాత్రల చేత వేరే జిల్లా మాట పలికిస్తే ఊరివాళ్ళే ముందు నవ్వుతారు. అందుకే చిన్న పాత్రలకు ఆ మండలంలోని వాళ్ళనే తీసుకోండి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' విశాఖలోని ఆ పేట మనుషులతోనే నడిచింది, ఆ సహజత్వం కూలికి వచ్చిన జూనియర్ ఆర్టిస్టుల వల్ల వచ్చేది కాదు.

నెలల సంగతి: ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పచ్చదనం, తంగేడు, గునుగు పూలు, బతుకమ్మ. యాసంగి (రబీ) వరి విస్తారంగా వేస్తున్నారు కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో కూడా పొలాలు పచ్చగానే ఉంటాయి. పాత దొరల గడీలు కావాలంటే కొన్ని కూలిపోయాయి, కొన్నింట్లో బడులు, కార్యాలయాలు నడుస్తున్నాయి. మిగిలినవాటిలో వారసులు అయిదారుగురు ఉంటారు. ఒక్కరి సంతకంతో పని ప్రారంభిస్తే మిగతా నలుగురు మూడో రోజు వస్తారు.

పొల్లాచ్చి: అలవాటైన చుట్టం

తెలుగు పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కోయంబత్తూరు. అక్కడి నుంచి పొల్లాచ్చి దగ్గరే. తమిళ చిత్రాలతో పాటు మన సినిమాలకూ అది 'ఆంధ్రా పల్లె' అయింది. పరిశ్రమ హైదరాబాద్‌కు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. కారణం ఉంది. ఇళ్ళ యజమానులకు షూటింగ్ అంటే ఏమిటో తెలుసు, ఏ గదికి ఎంతో అద్దె పట్టిక ఉంటుంది. కొబ్బరితోటలు, ఆళియార్ డ్యాము, వెనక కొండలు ఒకే గంట ప్రయాణంలో. మన దగ్గర మే నెలలో కాలువలు ఎండినప్పుడు కూడా అక్కడ పచ్చగా కనిపించే మూలలు దొరుకుతాయి.

అయినా నేను పాటలకు తప్ప సిఫారసు చేయను. బస్సుల రంగు, నంబర్ ప్లేట్లు, గోడల మీద తమిళ అక్షరాలు, కోలం ముగ్గు, చీర కట్టు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ప్రతి ఉదయం గంటసేపు వీటిని దాచాలి. కోయంబత్తూరు, పొల్లాచ్చి చుట్టూ తరాల క్రితం స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళింట్లో తెలుగు వినిపిస్తుంది, కాని అది అక్కడి తెలుగు. అక్కడి యూనియన్ల నియమాలు వేరు, ముందే కనుక్కోవాలి. ఒక పాట, రెండు మాంటేజ్ సీన్లు, మూడు రోజులు అయితే పొల్లాచ్చి చాలా తేలిక. మొత్తం సినిమా అయితే మీ ఊరు ఏ ఊరూ కాకుండా పోతుంది.

ఎక్కడ తీసినా తప్పని కాగితాలు

ఎడ్లబండి లేకుండా పల్లె కథ ఉండదు. కాని ఆ ఎద్దులకు జంతు సంక్షేమ బోర్డు ముందస్తు అనుమతి కావాలి, లేకపోతే సెన్సార్ దగ్గర సినిమా ఆగుతుంది. ఫ్రేములోకి కావాలని తెచ్చిన కోడి, కుక్కా కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఊరి బడి పిల్లలతో తీయాలంటే జిల్లా కలెక్టర్ అనుమతి, రోజుకు అయిదు గంటలకు మించకుండా పని, మూడు గంటలకు మించి విరామం లేకుండా ఉంచకూడదు. డ్రోనుకు డిజిటల్ స్కై పటం, అంటే ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ పటం, చూసుకోండి. రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయం, విశాఖ దగ్గర నౌకాదళం ఉన్నాయి కాబట్టి మీరు అనుకున్న చోట డ్రోను లేవకపోవచ్చు.

ఊరికి ఇచ్చే డబ్బు గురించి గొడవలు ఎందుకు వస్తాయంటే, పంచాయతీకి ఇచ్చామని మనం అనుకుంటాం, ఇంటివాళ్ళకు అందలేదని వాళ్ళు అనుకుంటారు. ఇల్లు, చేను, తోట ఎవరిదో వాళ్ళకు విడిగా కాగితం రాసి ఇవ్వండి. ఊరికి ఉమ్మడిగా ఇచ్చేదాన్ని గ్రామస్తుల ముందు ఇవ్వండి. యూనిట్ మొత్తం తిన్న విస్తళ్ళు, టీ కప్పులు ఎవరు ఎత్తుతారో మొదటి రోజే తేల్చండి. రాత్రి పదకొండు దాటితే జెనరేటర్ మోత తగ్గాలి, ఆ పక్కింట్లో పరీక్ష రాసే పిల్లవాడు ఉంటాడు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

డబ్బు తక్కువ, ఆర్టిస్టులు ఎక్కువ అయితే హైదరాబాద్ చుట్టుపక్కల ఊరు. ఇద్దరు ముగ్గురు మనుషుల కథ, మాట్లాడుకోవడమే కథ అయితే అరకు, నవంబరులో. పెళ్ళి, పండుగ, ఇంటిల్లిపాదీ కథ అయితే కోనసీమ, ఫిబ్రవరిలో. ఒంటరితనం, దూరం, దుమ్ము మీ కథలో ఉంటే సీమ, డిసెంబరులో. ఆ నెలలో ఖాళీ లేదంటే ఊరు మార్చండి, కథలో ఊరు మార్చలేకపోతే డేట్లు మార్చండి. రెండూ మార్చలేని వాళ్ళు నా దగ్గరికి మళ్ళీ వస్తుంటారు, ప్యాచ్ వర్క్ కోసం, అంటే మిగిలిపోయిన ముక్కలు తీసి అతికించుకోవడానికి.

రెండు చోట్లు సమానంగా నచ్చితే నేను చూసేవి లాడ్జీ నుంచి లొకేషన్‌కు ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం. నలభై నిమిషాలు దాటితే పక్కన పెట్టేస్తాను. రెక్కీకి పగలు ఒకసారి వెళ్ళడం చాలదు. ఒక రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి నిలబడి వినాలి. ఏరియేటరా, గుడి మైకా, పాల వ్యానా, నీళ్ళ మోటారా తేలిపోతుంది.

ఇక గోదావరికే వెళ్ళాలని తీర్మానించుకుంటే, ఫోన్ చేయాల్సిన మొదటి మనిషి ఇంటి యజమాని కాదు, హోటలు మేనేజరు కాదు. ఆ కాలువ మీద నీళ్ళు చూసుకునే ఉద్యోగి, లస్కరు. నీళ్ళు ఏ తేదీన కడతారో ఆయనకు తెలిసినంత కచ్చితంగా, హీరో డేట్లు హీరో మేనేజరుకు కూడా తెలియవు.